డెన్మార్క్ గురించి రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

నీ రాతప్రతి అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి ఊరికే చదువుకుంటూ పోయాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. ఓర్‌హూస్‌లో చదువుకుంటూ, డెన్మార్క్ చూడటానికి వచ్చే మనవాళ్ళ కోసం అక్కడి తిండీ తీరూ అలవాట్లూ రాయాలన్న నీ కోరిక నాకు నచ్చింది. మా అబ్బాయి ఆ ఊళ్ళో ఉద్యోగం చేసిన రోజుల్లో నేనూ మూడు విడతలుగా ఎనిమిది నెలలు అక్కడున్నాను. ఆ చనువుతోనే కాస్త కటువుగా మాట్లాడతాను, ఏమీ అనుకోకు.

ముందుగా మొదటి పేజీ తీసెయ్యి. "ప్రపంచంలోకెల్లా సంతోషంగా ఉండే దేశం" అని మొదలుపెట్టావు. ఏటా వచ్చే ప్రపంచ సంతోష నివేదిక జాబితాలో డెన్మార్క్ 2016లో మొదటి స్థానంలో ఉన్నమాట నిజమే. 2018 నుంచీ ఫిన్లాండ్ ముందుంటోంది. అయినా నా అభ్యంతరం అంకె గురించి కాదు. ఆ వాక్యం రాయడానికి నువ్వు అక్కడ ఉండక్కర్లేదు. నువ్వు అక్కడున్నావు కాబట్టే ఎవరైనా నిన్ను చదువుతారు.

ఇక అసలు సంగతి. నీ వ్యాసంలో చాలాచోట్ల ఒక వింత కనిపించగానే దానికో తీర్పు రాసి ముందుకెళ్ళిపోయావు. "డేనులకు మర్యాద తక్కువ, వాళ్ళ భాషలో ప్లీజ్ అన్న మాటే లేదు" అన్నావు చూడు, అక్కడ నా పెన్సిలు ఆగిపోయింది. అలాంటి ఒక్క మాట లేదన్నది నిజం. మరి మన ఇళ్ళలో ఎవరం "దయచేసి" అంటాం? "కాస్త ఆ గ్లాసిలా ఇవ్వు" అంటాం. మన్నన అంతా ఆ "కాస్త"లో ఉంటుంది. డేనిష్‌లోనూ అచ్చం అలాంటి చిన్న మాటే ఒకటుంది, "లీ" అని. రాతలో ఇంకో అక్షరం ఉంటుంది కానీ నోట్లో మింగేస్తారు. మా పై వాటాలో ఒక పెద్దావిడ ఉండేది. చేతిలో సంచులుంటే, తలుపు వైపు గడ్డంతో చూపించి, మధ్యలో ఆ "లీ" చేర్చి తలుపు పట్టుకోమనేది. మొదటి నెలంతా నా చెవికి అది ఆజ్ఞలాగే వినిపించింది. ఆ మాట పని తెలిశాక, ఆవిడ నాతో మొదటి రోజు నుంచీ ఎంత మృదువుగా మాట్లాడుతోందో అర్థమై మనసు ఒకలాగైపోయింది.

"తక్" అంటే కృతజ్ఞత అని మాత్రం రాశావు. ఆ మాట ఎక్కడెక్కడ పడుతుందో లెక్కపెట్టావా? భోజనం ముగిశాక వండినవాళ్ళతో "తక్ ఫోర్ మల్" అనాలి, అంటే అన్నానికి కృతజ్ఞత. దానికి వాళ్ళు, ఒంటికి పట్టాలి అన్న అర్థంలో, "వెల్‌బెకొమ్మె" అంటారు. కలిసి గడిపిన సాయంత్రానికి కృతజ్ఞత మళ్ళీ కలిసినప్పుడు చెబుతారు, పదిరోజుల తర్వాతైనా సరే. "తక్ ఫోర్ సిస్ట్" అంటారు, పోయినసారికి థాంక్స్ అని. గడిచిపోయిన పూటను గుర్తుపెట్టుకుని పలకరించే జాతిని మర్యాద తెలియనివాళ్ళు అని రాయకమ్మా.

జెండాల సంగతీ అంతే. నీ స్నేహితురాలి పుట్టినరోజున బల్ల నిండా బుల్లి కాగితపు జెండాలు చూసి, వీళ్ళకు దేశభక్తి ఎక్కువ అని తేల్చేశావు. అదే జెండా కేకు మీద గుచ్చుతారు, క్రిస్మస్ చెట్టుకు తోరణంలా కడతారు, విమానాశ్రయంలో బంధువుల్ని ఎదుర్కోవడానికి చేత్తో పట్టుకుని నిలబడతారు. 1219లో యుద్ధం మధ్యలో అది ఆకాశం నుంచి రాలిపడిందని ఒక కథ చెప్పుకుంటారు కానీ, పుట్టినరోజు బల్ల దగ్గర ఆ కథ ఎవరికీ గుర్తుండదు. మన గుమ్మానికి మామిడాకు ఎలాగో ఆ బల్లకు ఆ జెండా అలాగ. ఇంట్లో సంతోషం ఉందని చెబుతుంది. నువ్వు ఇంకో రెండు పుట్టినరోజులకు వెళ్ళి ఉంటే నీకే తెలిసేది.

తిండి గురించి రాసిన పేజీల్లో హోటళ్ళు ఎక్కువైపోయాయి, మధ్యాహ్నపు డబ్బా ఒక్కచోటా లేదు. దాన్ని "మల్‌పక్కె" అంటారు. అది రాయకుండా ఆ దేశం తిండి రాయలేవు. రై అనే ధాన్యంతో చేసిన నల్లటి రొట్టె, పులిసిన పిండితో చేసింది, గింజలు తగిలేది. పలచని ముక్క కోసి, ముందు అంచుల దాకా వెన్న రాస్తారు. ఆ వెన్న రుచికే కాదు, పైన పెట్టేదాని తడి రొట్టెలోకి దిగకుండా అడ్డుపడుతుంది కూడా. దాని మీద కొందరు లివర్ ముద్ద పరిచి బీట్‌రూట్ ఊరగాయ పెడతారు. నేను మాంసం తిననని మా పక్కింటివాళ్ళు నాకు బంగాళదుంప పెట్టారు. ఉడికించి చల్లారిన దుంపను బిళ్ళలుగా కోసి, ఒకదాని మీదికి ఒకటి ఒరిగేలా పేర్చి, కాస్త మయొనైజు, పైన సన్నగా తరిగిన ఉల్లికాడలాంటి ఆకు, కరకరలాడే వేయించిన ఉల్లిపాయ. డబ్బాలో సర్దేటప్పుడు ముక్కకీ ముక్కకీ మధ్య ఒక చిన్న కాగితం వేస్తారు, అందుకోసమే కత్తిరించిన కాగితాలు దుకాణంలో దొరుకుతాయి. బడిపిల్లవాడికీ అదే డబ్బా, ఆఫీసరుకీ అదే. పన్నెండు కొట్టకముందే తినేస్తారు, అరగంటలో లేచిపోతారు. వారానికి 37 గంటల పని, నాలుగింటికల్లా పిల్లల్ని తెచ్చుకోవాలి, ఆరింటికి ఇంట్లో అందరూ కలిసి వేడి భోజనం. చూశావా, ఆ కాగితం ముక్క పట్టుకుని లాగితే రోజంతా బయటికొస్తుంది. ఇది రాశాక హోటల్లో కత్తీ ఫోర్కుతో తినే, పైన రకరకాలు పేర్చిన రొట్టె ముక్క "స్మోర్‌బ్రోల్" గురించి చెబితే, ఆ విందు ఏ సద్దిమూట నుంచి పెరిగిందో చదివేవాళ్ళకు దానంతటదే తెలుస్తుంది.

ఆరింటి భోజనం అన్నాను కాబట్టి ఇదీ రాయి: పిలిచిన టైముకు వెళ్ళాలి. నేను మొదటిసారి ముప్పావుగంట ఆలస్యంగా వెళ్ళాను. ఇంటిల్లిపాదీ వడ్డించిన బల్ల ముందు నాకోసం కూర్చుని ఉన్నారు. ఎవరూ ఒక్కమాట అనలేదు. ఆ సిగ్గు నాకిప్పటికీ ఉంది.

"హ్యుగ" అన్న మాట పద్నాలుగు చోట్ల వాడావు. పదమూడు కొట్టేశాను. దాన్ని ప్రపంచం దుప్పట్లూ కొవ్వొత్తులూ అమ్ముకునే మాటగా చేసింది, వాళ్ళకు మాత్రం అది వెచ్చగా, హాయిగా గడపడం అన్న రోజువారీ క్రియాపదం. డిసెంబరులో మధ్యాహ్నం మూడున్నర దాటగానే చీకటి పడిపోతుంది, పొద్దున ఎనిమిదిన్నర దాటాక గానీ వెలుగు రాదు. అలాంటి పొద్దున నీ రూమ్మేట్ కాఫీ కప్పు పక్కన కొవ్వొత్తి వెలిగించిందని మూడో పేజీలో ఒక్క వాక్యం రాశావే, అది ఉంచు. ఆ అగ్గిపుల్ల గీసిన చప్పుడు కూడా రాయి. అప్పుడు మాట వాడక్కర్లేదు.

మాటలు తెలుగులో ఎలా రాయాలని అడిగావు. చెవిని నమ్ము, స్పెల్లింగును నమ్మకు. వాళ్ళ మెత్తని "డ" ఉంది చూడు, నాలుక కొన కింది పళ్ళకు ఆనించి పలుకుతారు, మన చెవికది "ల"లా పడుతుంది. ఎర్రటి పళ్ళ జావ మీద మీగడ పోసిన తీపి పదార్థం పేరు పలకమని ప్రతి విదేశీయుణ్ణీ అడుగుతారు: "రోల్‌గ్రోల్ మెల్ ఫ్లోలె". అక్షరాలు చూసి రాస్తే అందులో ఎన్ని "డ"లు వస్తాయో నీకు తెలుసు. చదివేవాడు అక్కడికెళ్ళి పలికితే ఎవరికో ఒకరికి అర్థం కావాలి, కొలబద్ద అదే పెట్టుకో.

పోలికలు తగ్గించు. ఉన్నచోట మాత్రం గట్టిగా పట్టుకో. ఎండాకాలం సాయంత్రాల్లో వాళ్ళు తాగే "కోల్‌స్కోల్" అంటే మజ్జిగే కదా! గుడ్డు సొనా పంచదారా వెనిల్లా నిమ్మరసం కలిపి, చిన్న గట్టి బిస్కెట్లు పైన చిదిమి వేసుకుంటారు. ఉప్పూ కరివేపాకూ వేసి మజ్జిగ తాగి పెరిగిన నాలుక మీద అది ఎలా పడిందో నువ్వే రాయగలవు, డేనులు రాయలేరు. ఇంకో పోలిక చరిత్రలో ఉంది. తమిళనాడు తీరాన తరంగంబాడి 1620 నుంచి 1845 దాకా డేనుల చేతిలో ఉంది. అక్కడి డేనిష్ మిషన్ తరఫున వచ్చిన బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ 1728లో తెలుగుకు వ్యాకరణం రాశాడు. దీని మీద విడిగా ఒక వ్యాసం రాయి, ఇందులో ఇరికించకు.

సందర్శకులకు పనికొచ్చే ముక్కలు ఒకేచోట, పొడిగా చెప్పు: యూరో కాదు, క్రోనర్; టిప్పు ఇవ్వాల్సిన పని లేదు; పంపునీళ్ళు తాగొచ్చు; ఖాళీ సీసాలు దుకాణంలో యంత్రానికిస్తే డిపాజిట్ తిరిగొస్తుంది; సైకిలు దారిలో నిలబడి ఫోటోలు తీయకూడదు, సైకిలు మీదుంటే ఆగేముందు చెయ్యి పైకెత్తాలి. కోపెన్‌హాగన్‌లోని జలకన్య బొమ్మ చిన్నదిగా ఉందని ఒక పేజీ బాధపడ్డావు. 1913 నుంచీ అంతే ఉంది, నాలుగడుగులు. రెండు వాక్యాలు చాలు.

ఆ మిగిలిన చోటు "గెక్కెబ్రేవ్"కు ఇవ్వు. దాని మీద ఒకే ఒక్క లైను రాశావు, నాకు ప్రాణం ఉసూరుమంది. ఈస్టర్ ముందు కాగితం మడిచి కత్తెరతో ముగ్గులా కత్తిరించి, మధ్యలో నాలుగు లైన్ల పద్యం రాసి, మంచులోంచి మొట్టమొదట తలెత్తే తెల్లపువ్వు ఒకటి పెట్టి పంపుతారు. సంతకం ఉండదు, పేరులో ఎన్ని అక్షరాలో అన్ని చుక్కలు. నా పేరు చుక్కల్లో ఉంది, గుచ్చుకోకుండా చూసుకో అంటుంది పద్యం. ఎవరో కనుక్కోలేకపోతే ఈస్టర్ గుడ్డు బాకీ. మా మనవరాలు చిన్నారుల బడి నుంచి నాకొకటి తెచ్చింది, కత్తెర జారి ఒక మూల తెగిపోయి ఉంది. నీకెవరైనా పంపారా? పంపితే ఆ కాగితం ముందు పెట్టుకుని రాయి.

చివరిగా, "పసిపిల్లల్ని చలిలో బయట వదిలేస్తారు!" అని రాసి ఆశ్చర్యార్థకం పెట్టావు. అక్కడ పసివాళ్ళను బండిలో బయట నిద్రపుచ్చడం మామూలే. 1997లో న్యూయార్క్‌లో ఒక డేనిష్ తల్లి తన బిడ్డను అలాగే రెస్టారెంటు బయట బండిలో పడుకోబెడితే పోలీసులు అరెస్టు చేశారు. నీ ఆశ్చర్యార్థకం కూడా ఆ పోలీసుల పక్షాన నిలబడి ఉంది. కాఫీ హోటలు ముందు నువ్వు చూసిన ఆ బండి దగ్గరికి మళ్ళీ వెళ్ళు. చక్రాలు ఎంత పెద్దవి? దుప్పటి మందమెంత? లోపల తల్లి కిటికీ పక్కనే కూర్చుందా? ఆమెను పలకరించి, చిన్నప్పుడు ఆమెనూ అలాగే పడుకోబెట్టేవారా, వాళ్ళమ్మమ్మ ఏం చెప్పేదీ అడుగు. "లీ" చేర్చి అడుగు. జవాబులతో సహా ఆ పేజీ తిరగరాసి నెలాఖరుకు పంపు, ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు