మూడడుగుల తొట్టిలో రెండు మగ ఆరాటస్ సిక్లిడ్లు కలిసి ఉంటాయా?

కడపలో మూడడుగుల అక్వేరియంలో ఆరాటస్ సిక్లిడ్ చేపల జత వేశాననీ, రెండూ మగవని తర్వాత తెలిసిందనీ, వాటిలో ఒకటి తోక చిరిగి ఫిల్టర్ వెనుక నక్కి మేతకు కూడా రావడం లేదనీ, వాటిని ఎలా కలిపి పెంచాలనీ అడిగారు. ముందు వాటిని విడదీయండి. దెబ్బలు తిన్నదాన్ని ఈ రోజే, వేరే తొట్టి లేకపోతే ఆ తొట్టి నీళ్లే నింపిన ప్లాస్టిక్ టబ్బులోకైనా మార్చి, ఆక్సిజన్ మోటారు పెట్టండి. చిరిగిన తోక మళ్లీ పెరుగుతుంది గానీ, భయంతో తిండి మానేసిన చేప ఎక్కువ కాలం నిలవదు.

అనంతపురంలో కొన్నేళ్లుగా ఈ చేపలను పెంచుతున్నాను కనుక చూసినదే చెబుతున్నాను. ఇవి ఆఫ్రికాలోని మలావీ సరస్సులో బండల సందుల్లో బతికే జాతి. ఒక సందును తనదిగా చేసుకున్న మగది దాని దరిదాపులకు మరో మగదాన్ని రానివ్వదు. సరస్సులోనైతే ఓడినది దూరంగా పారిపోతుంది, కానీ సుమారు 130 లీటర్ల మీ తొట్టిలో అది ఎటు వెళ్లినా గెలిచినదాని కంటపడుతూనే ఉంటుంది. అందులోనూ ఆరాటస్ మహా పొగరుబోతు. పెత్తనం దక్కిన మగది పసుపు వదిలి నల్లబడుతుంది, ఓడిన మగది చాలాసార్లు ఆడదానిలా పసుపు రంగులోనే ఉండిపోతుంది. దుకాణంలో జత అని ఇచ్చినవి ఇంటికొచ్చాక రెండూ మగవని తేలడం అందుకే.

ఆరాటస్‌నే ఉంచుకోవాలంటే నాలుగడుగులకు తగ్గని తొట్టిలో ఒక్క మగదానికి నాలుగైదు ఆడవాటిని తోడు వేయండి. అప్పుడు అది ఒక్కదాన్నే పట్టుకుని తరమదు. రెండో మగదాన్ని మాత్రం నాలుగడుగుల తొట్టిలోనైనా నేను వేయను.

రాళ్ల అమరికలోనే సగం పని ఉంది. మన దగ్గర పాలిష్ పట్టని కడప బండ ముక్కలు సులభంగా దొరుకుతాయి. సున్నపురాయి కావడం వల్ల ఆ బండ నీటి కఠినత్వాన్ని కొంత పెంచుతుందేమో గానీ, బకెట్లకు తెల్లటి పొర కట్టే మన బోరు నీళ్లలాంటివే ఈ చేపలకు సరిపడతాయి. ముక్కల పదునైన అంచులను అరగదీసి, ఇసుక పోయకముందే అడుగున గట్టిగా కుదురుకునేలా పేర్చండి, ఎందుకంటే ఇవి ఇసుకను నోటితో తవ్వి రాళ్లను కూలదోస్తాయి, కూలిన రాయి అద్దాన్ని పగలగొట్టినా ఆశ్చర్యం లేదు. తొట్టి ఈ చివర ఉన్న చేపకు ఆ చివర కనిపించకుండా రాళ్లు నడుమ అడ్డుగా లేవాలి.

కొత్త చేపలను వేసే రోజు రాళ్లన్నీ కదిపి వేరేలా పేర్చితే పాతదాని హద్దులు చెరిగిపోతాయి. ఆపై మేత వేసి, లైటు ఆర్పి, కొత్తవాటిని వదలండి. మేతగా స్పిరులినా అనే నాచుతో చేసిన గుళికలు వాడండి, ఎర్ర పురుగులు వద్దు, వాటితో ఈ చేపలకు కడుపు ఉబ్బే జబ్బు రావచ్చు.

టబ్బులోని మగది కోలుకున్నాక దాన్ని తిరిగి పాత తొట్టిలో వేయకుండా దుకాణంలో ఇచ్చి, బదులుగా ఆడవాటిని అడగండి.