చెట్టుకు తగిలి గుంటలో పడిన బంతి

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. ఉద్యోగ విరమణ తర్వాత గోల్ఫ్ నేర్చుకున్నారు. గత నెల 140 గజాల పార్ త్రీ హోల్‌లో, అంటే మూడు దెబ్బల్లో ముగించాల్సిన హోల్‌లో, ఆయన టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) మీది నుంచి కొట్టిన బంతి పక్కకు పోయి, తాటిచెట్టు మొదలుకు తగిలి, గ్రీన్ (గుంట చుట్టూ పొట్టిగా కత్తిరించిన పచ్చిక) మీదికి మళ్లి, దొర్లుకుంటూ వెళ్లి గుంటలో పడింది. తోటివారు దాన్ని "చెట్టు కొట్టిన హోల్ ఇన్ వన్" అనడంతో ఆయన చిన్నబుచ్చుకున్నారు. అది హోల్ ఇన్ వన్‌గా, అంటే ఒకే దెబ్బకు గుంట చేరినట్టుగా, లెక్కలోకి వస్తుందా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: నిస్సందేహంగా వస్తుంది. బంతి ఏ దారిన వెళ్లిందన్నది గోల్ఫ్ నియమాలకు పట్టదు, ఎన్ని దెబ్బల్లో గుంట చేరిందన్నదే వాటికి ముఖ్యం. టీ నుంచి కొట్టిన బంతి చెట్టుకో రాయికో తగిలినా, అనుకోకుండా దారిలో ఉన్న మనిషికో పక్షికో తగిలి దిశ మారినా ఆటగాడికి పెనాల్టీ ఉండదు. గుంట అంచుకూ జెండా కర్రకూ మధ్య ఇరుక్కున్న బంతిలో కొంత భాగమైనా గ్రీన్ ఉపరితలం కంటే దిగువన ఉంటే, అది కూడా గుంటలో పడినట్టే. అయితే, మొదటి బంతి హద్దు దాటిపోయి, మళ్లీ టీ మీది నుంచి కొట్టిన బంతి నేరుగా గుంటలో పడితే మాత్రం, చూసినవాళ్లు ఎంత అబ్బురపడినా, పెనాల్టీతో కలిపి స్కోరు కార్డు మీద 3 అనే రాయాలి.

ఇక అదృష్టం సంగతి. గుంట వ్యాసం 108 మిల్లీమీటర్లు, బంతి వ్యాసం సుమారు 43. దాదాపు 128 మీటర్ల దూరం నుంచి కొట్టిన బంతి అంత చిన్న గుంటలో పడాలంటే ఎంతటివారికైనా నేల కొంత సాయపడక తప్పదు. 1989లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఓక్ హిల్ మైదానంలో యూఎస్ ఓపెన్ గోల్ఫ్ పోటీ రెండో రోజున, ఆరో హోల్‌లో నలుగురు ప్రొఫెషనల్స్ రెండు గంటల వ్యవధిలోనే సెవెన్ ఐరన్ అనే గోల్ఫ్ కర్రతో హోల్ ఇన్ వన్ సాధించారు. ఆ రోజు గుంట తవ్విన చోటు పల్లంగా ఉండడంతో, దాన్ని దాటి పడిన బంతులు వాలు మీద వెనక్కి జారి వచ్చాయి. వాలు సాయపడితే గొప్ప, చెట్టు సాయపడితే ఎగతాళి అనడం నాకు న్యాయంగా తోచదు.

సాధారణ ఆటగాడు ఒక పార్ త్రీ హోల్‌లో ఇది సాధించే అవకాశం 12,500లో ఒకటని అమెరికాలో తరచుగా చెప్పే అంచనా. అక్కడే, కాలిఫోర్నియాలోని చికోలో, 2007లో ఎల్సీ మెక్‌లీన్ అనే 102 ఏళ్ల వృద్ధురాలు 100 గజాల హోల్‌లో డ్రైవర్ అనే పొడవాటి గోల్ఫ్ కర్రతో కొట్టిన బంతి గుంటలో పడింది. అది పడడం ఆవిడకు కనిపించనే లేదు. బంతి ఎక్కడికి పోయిందా అని వెతికితే గుంటలో దొరికింది. అందుకని ఆవిడ ఘనతను ఎవరూ తక్కువ చేయలేదు. మీ నాన్నగారి కార్డు మీద 1 వేయించి, తోటి ఆటగాడి సంతకం తీసుకోండి. ఆ బంతితో మాత్రం ఇక ఆడవద్దని చెప్పండి.

ప్రశ్న: పోటీలో హోల్ ఇన్ వన్ కొట్టి కారు గెలిస్తే అమెచ్యూర్ (డబ్బు కోసం ఆడని ఆటగాడు) హోదా పోతుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పోదు. ఒకప్పుడు ఆ బహుమతిని వదులుకోవాలి, లేదా హోదాను వదులుకోవాలి. 2012 జనవరి 1 నుంచి, రౌండ్ ఆడుతూ సాధించిన హోల్ ఇన్ వన్‌కు ఎంత విలువైన బహుమతినైనా, నగదునైనా అమెచ్యూర్ స్వీకరించవచ్చు.