నాచు తొట్టి కట్టే ముందు

చి. సౌ. అమ్మాయికి,

మామయ్య ఆశీస్సులు. కావలిలో నాలుగు రోజులుగా ముసురు పట్టింది. కాలు బయట పెట్టే పని లేక నీ ఉత్తరం మూడుసార్లు చదివాను.

ఊరి మురుగుకాలువ నీళ్లు వృథాగా పోతున్నాయనీ, వాటితో నాచు పెంచి కోళ్లకు మేపితే సోయా చెక్క కొనే బాధ తప్పుతుందనీ రాశావు. ఆలోచన మంచిదే, కొత్తది మాత్రం కాదు. 1950లలోనే కాలిఫోర్నియాలో విలియం ఓస్వాల్డ్ మురుగునీటి మడుగుల్లో నాచు పెంచాడు. అలా పెరిగిన నాచును అక్కడ కోడిపిల్లలకు మేపి కూడా చూశారు.

కాలువ జోలికి మాత్రం వెళ్లకు. నాచుకు మంచీ చెడూ తెలియవు. నత్రజని, భాస్వరాలను పీల్చినట్టే సీసం, కాడ్మియం లాంటి విష లోహాలనూ ఒంటికి పట్టిస్తుంది. ఏ మెకానిక్ షెడ్డు నీళ్లు, ఏ బ్యాటరీల కొట్టు నీళ్లు ఎక్కడ కలుస్తున్నాయో నీకేం తెలుసు? అవి నాచు నుంచి కోడికీ, కోడి నుంచి గుడ్డుకీ చేరవచ్చు. రొయ్యల చెరువుల నుంచి వదిలే నీళ్లూ వద్దు. వాటిలో ఉప్పుతో పాటు మందుల అవశేషాలు ఉండవచ్చు. నీ పెరట్లోనే గోబర్ గ్యాస్ ఉంది కదా, దాని నుంచి బయటికొచ్చే పేడనీళ్లను, అదే స్లర్రీని, తేర్చిన నీళ్లు వాడు. అందులో ఏముందో నీకు తెలుస్తుంది, వేసేది నువ్వే కనుక. పేడ ఒక్కటే వెయ్యి, కోళ్ల పెంట కలపకు. కోడి రోగం తిరిగి కోడికే చేరకూడదు.

ఇక నీ సోయా లెక్క. నీ వంద పెట్టలు రోజుకు పదకొండు కిలోల దాణా తింటాయి. బయట తొట్టిలో స్పిరులినా అనే నాచు బాగా పెరిగితే చదరపు మీటరుకు రోజుకు 5 నుంచి 10 గ్రాముల ఎండు నాచు వస్తుంది. 20 చదరపు మీటర్ల తొట్టి కడితే 100 నుంచి 200 గ్రాములు. అంటే దాణాలో నూటికి ఒక వంతు, మహా అయితే రెండు వంతులు. సోయా చెక్క కొనక తప్పదమ్మా. నీకు దక్కేది సొనకు మంచి పసుపు రంగు, కొంత మాంసకృత్తులు, స్లర్రీ నీళ్లకు ఒక దారి. అది చాలనుకుంటేనే కట్టు.

క్లోరెల్లా అనే ఇంకో నాచు పెంచమని ఎవరైనా చెబితే వినకు. ఆ కణాలు గుడ్డలోంచి జారిపోతాయి. పటిక వేసి అడుక్కి దించితే అల్యూమినియం నాచుతో పాటే దాణాలోకి వస్తుంది, కోడికి భాస్వరం అందకుండా చేస్తుంది. గుడ్లు పెట్టే కోడికి అది నష్టం. స్పిరులినా పోగులు పోగులుగా ఉంటుంది, సన్నటి గుడ్డతో వడకట్టవచ్చు. హేచరీలో పనిచేసే తమ్ముడు తెచ్చిస్తానన్న నాచు రొయ్య పిల్లల కోసం ఉప్పునీటిలో పెంచేది. మన మంచినీటి తొట్టికి పనికిరాదు.

తొట్టి జానెడు లోతు చాలు. సోడా ఉప్పు కలిపి నీళ్ల క్షారాన్ని చెప్పే పీహెచ్ 9 నుంచి 10 మధ్య ఉంచు. కొలిచే కిట్టు రొయ్యల మందుల దుకాణంలో దొరుకుతుంది. ఆ క్షారంలో వేరే నాచులు అంతగా పెరగవు. చిక్కు కూడా అక్కడే ఉంది. అంత పీహెచ్‌లో స్లర్రీలోని అమ్మోనియా నాచుకే విషమవుతుంది. నేను మొదటిసారి ఆశకొద్దీ రెండు బకెట్లు ఒకేసారి పోశాను. మూడో రోజుకు తొట్టంతా గోధుమ రంగుకు తిరిగింది. ఆ కంపుకు మీ అత్తయ్య వారం రోజులు పెరట్లోకి రాలేదు. నువ్వు రోజూ కొద్దికొద్దిగా పొయ్యి. ఎండ ఉన్నంతసేపూ గంటకోసారి కలియబెట్టు.

వడకట్టింది ఆ రోజే పలచగా పరిచి ఎండబెట్టాలి, లేకపోతే మురిగిపోతుంది. ఎండితే క్రిములన్నీ చచ్చాయనుకోకు. మేపే ముందు ఒకసారి దాణా పరీక్షించే ల్యాబుకు పంపి సాల్మొనెల్లా అనే రోగక్రిమి, సీసం రెండూ చూడమను.

ఈ వానల్లో మాత్రం మొదలుపెట్టకు. ఒక్క వాయుగుండం వస్తే తొట్టి పొంగి సోడా అంతా కొట్టుకుపోతుంది. సంక్రాంతి తర్వాత కట్టు. రోహిణి కార్తెలో పైన పచ్చ వల కప్పాలి, దానికీ ఇప్పుడే గుంజలు చూసి పెట్టుకో. పండక్కి వచ్చేటప్పుడు తేరిన స్లర్రీ నీళ్లు ఒక సీసాలో పట్టుకురా. నా తొట్టి విత్తనంతో చిన్న టబ్బులో కలిపి చూద్దాం.

ఇట్లు,
మీ మామయ్య