బుజ్జీ, తేనె పెట్టెలు పెడుతున్నావంటగా

బుజ్జీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, అరకులో ఇంటి వెనకాల నాలుగు తేనె పెట్టెలు పెడుతున్నావంట, రాత్రంతా నిద్రపట్టలేదు తల్లీ, సగం సంతోషం సగం భయం. మీ అత్త ఉంటే ఎంత మురిసిపోయేదో.

ఇటాలియన్ ఈగలొద్దు, మన పుట్టతేనె ఈగలే కావాలన్నావంట, మంచిపని చేశావ్. ఇటాలియన్‌వి తేనె బాగా ఎక్కువిస్తాయి, నిజమే, కానీ పూత అయిపోతే పెట్టెలు బండికెక్కించి ఊళ్లు తిప్పాలి, ఈగల్ని పట్టే వరోవా నల్లికి మందులెయ్యాలి. మనవి ఆ నల్లిని వెతికి కొరికి పారేస్తాయి, కందిరీగ మీదకొస్తే గుంపుగా ముసిరి ఆ వేడికే చంపేస్తాయి. తేనె మాత్రం పెట్టెకి ఏడాదికి ఐదారు కిలోలొస్తే సంతోషించు.

నీడలో పెట్టు. చీమలెక్కకుండా స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలుంచు.

అసలు సంగతి విను. తిండి తగ్గినా, ఊరికే కదిపినా ఇవి ఇల్లు వదిలి లేచిపోతాయి. నా మొదటి ఏడాది కాఫీ పూతకి తేనె బాగా వచ్చింది, పెట్టె పై అరలో తేనె తీసుకుని ఊరుకోకుండా కింద ఈగలు పిల్లల్ని పెంచే గదిలో తేనెపట్టు అంచునున్నది కూడా కోసేశా. మీ అత్త "వాటిక్కాస్త ఉంచవయ్యా" అంటే విన్లేదు. ఆషాఢం వాన పట్టుకుంది, రోజుల తరబడి తెరిపి లేదు, నేను మూత కూడా తియ్యలేదు. తెరిపిచ్చాక వెళ్తే గుమ్మంలో ఒక్క ఈగ లేదు. పట్టు చేతికి తీసుకుంటే ఎండుటాకంత తేలిక, ఒక్క గుడ్డు లేదు, ఒక్క పిల్ల లేదు, మైనం పురుగు అప్పటికే బూజులా దారాలు అల్లేసింది. లేచిపోయే ముందు రాణి గుడ్లు పెట్టడం ఆపేస్తుందే, వారానికోసారి చూసుంటే నాకు ముందే తెలిసేది! మీ అత్త ఏమీ అన్లేదు, ఖాళీ పెట్టె తుడిచి ఎండలో పెట్టింది.

అందుకే వానలు మొదలైనప్పట్నుంచి వలిసెలు పూసేదాకా చక్కెర పాకం పెట్టు, చీకటి పడ్డాకే, పెట్టె లోపలే. పగలు పెడితే వాసనకి పక్క ఈగలొచ్చి దోచుకుంటాయి, కొట్టుకు చస్తాయి. పిల్లపురుగులు నీళ్ల సంచుల్లా ఉబ్బితే ఆ పట్టు ఇంకో పెట్టెలో కలపకు, 1991, 92లో ఆ జబ్బే దక్షిణాదంతా ఈ ఈగల్ని ఊడ్చేసింది.

ముల్లు దిగితే పిండకు, గోటితో గీకెయ్. మొదటిసారి మూత తీసేటప్పుడు ఒక్కదానివే తియ్యకు, నేనొస్తా, రోజు చెప్పు.

మీ మావయ్య