డ్రాగ్ రేసు సిరీస్‌లో పాయింట్లు దేనికి ఇవ్వాలి: తక్కువ టైముకా, గెలిచిన రౌండుకా?

మీ ప్రశ్న చదివాను. డ్రాగ్ రేసు అంటే రెండు బండ్లు పక్కపక్కన నిలబడి తిన్నటి ట్రాక్ మీద పావుమైలు, అంటే 402 మీటర్లు, పరుగెత్తడం. ఓడినవారు బయటికి, గెలిచినవారు తరవాతి రౌండుకు. ఇలాంటి రౌండ్లన్నీ కలిసిన ఒక పోటీని అంచె అంటున్నాను. భీమవరం, తణుకు, రావులపాలెం వైపు బైకు మిత్రులు నలభైమంది కలిసి, అనుమతి ఉన్న ట్రాక్ మీద ఏడాదికి నాలుగు అంచెల డ్రాగ్ సిరీస్ నడపాలనుకుంటున్నారు. నియమాలు ఎలా రాసుకోవాలి, పాయింట్లు తక్కువ టైము చేసినవారికి ఇవ్వాలా, ఎదుటివారిని ఓడించినవారికి ఇవ్వాలా అని అడిగారు. నా జవాబు ముందే చెబుతాను. పాయింట్లు గెలిచిన రౌండ్లకు ఇవ్వండి. టైముకు ఇచ్చేది చాలా కొద్దిగా ఉండాలి. ఇద్దరికి సమానంగా పాయింట్లు వస్తే ఛాంపియన్ ఎవరో మొదటి రేసుకు ముందే కాగితం మీద రాసి, అందరిచేత సంతకాలు చేయించండి. ఆ కాగితం లేకపోవడం వల్ల ఒక ఏడాది ఛాంపియన్‌షిప్ నా చేతిదాకా వచ్చి జారిపోయింది.

మాది పాలకొల్లు. బైకు మెకానిక్ షెడ్డు ఉంది. ఏడేళ్లు 165 సీసీ తరగతిలో పోటీ చేశాను, ఆ తరవాత మూడేళ్లు స్టార్ట్ లైను దగ్గర పనిచేశాను. శుక్రవారం సాయంత్రం బండిని వ్యాన్‌లో కట్టి, రాత్రంతా విజయవాడ, నెల్లూరు మీదుగా ప్రయాణం చేసి, తెల్లారేసరికి చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ గేటు ముందు నిలబడిన రోజులు చాలా ఉన్నాయి. మన డెల్టాలో అలాంటి ట్రాక్ లేదు. అందుకే పాయింట్ల కన్నా ముందు స్థలం గురించి ఒక మాట చెప్పాలి.

రాత్రిపూట కాలువగట్టు రోడ్డు మీదో, 216 జాతీయ రహదారి మీద ఖాళీ దొరికిన చోటో ‘ప్రాక్టీసు’ చేద్దామనే ఆలోచన మీ బృందంలో ఎవరికైనా ఉంటే మొదటి సమావేశంలోనే దానికి స్వస్తి చెప్పండి. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం, రాష్ట్ర ప్రభుత్వ రాతపూర్వక అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో రేసులో పాల్గొన్నా, దానికి అనుమతించినా 3 నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. రెండోసారి దొరికితే ఏడాది దాకా జైలు, 10,000 దాకా జరిమానా, లేదా రెండూ. చట్టం సంగతి పక్కన పెట్టినా, గట్టు రోడ్డుకు ఒకవైపు కాలువ, మరోవైపు పదడుగుల కింద వరిచేను. డ్రాగ్ రేసులో ముగింపు గీత దాటాక కూడా ప్రాణానికి ముప్పు ఉంటుంది. 402 మీటర్లు పరుగెత్తిన బండి ఆగడానికి కనీసం మరో అంత నేల ఎదురుగా ఖాళీగా ఉండాలి. 2008లో అమెరికాలోని ఇంగ్లిష్‌టౌన్‌లో రేసులో డ్రైవరు స్కాట్ కలిట్టా మరణించాక అక్కడ డ్రాగ్ రేసులు నడిపే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ సంస్థ అత్యంత వేగమైన టాప్ ఫ్యూయల్, ఫన్నీ కార్ తరగతులకు పావుమైలును 1,000 అడుగులకు, అంటే 305 మీటర్లకు, తగ్గించింది. ఆగే నేల పెరగాలనే ఆ నిర్ణయం. మీకు దొరికిన ట్రాక్ పొట్టిదైతే మీరూ పరుగు దూరమే తగ్గించండి. ఆగే దూరాన్ని మాత్రం ఎప్పుడూ తగ్గించకండి.

ఇక తరగతులు. ఎడ్ల బండలాగుడు చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. రెండు పళ్ల జతను ఆరు పళ్ల జతతో ఎవరూ పోటీకి దించరు. ఇక్కడ పళ్ల బదులు సీసీలు చూస్తాం. రెండు స్ట్రోకుల బండ్లు, నాలుగు స్ట్రోకుల బండ్లు వేరు. కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్నవి, పని చేయించినవి వేరు. తనిఖీ బల్ల దగ్గర ఇంజిన్ ఆపే తాడును స్వయంగా లాగి చూడండి. ఒక కొస రైడర్ మణికట్టుకు, మరో కొస స్విచ్చుకు ఉండాలి. మనిషి పడితే ఇంజిన్ ఆగిపోవాలి. తాడు లేని బండిని వెనక్కి పంపండి, అది మీ బావమరిదిదైనా సరే.

కొత్తవారు ఎక్కువగా పొరబడేది టైము దగ్గర. లైను పక్కన నిలబెట్టిన దీపాల స్తంభాన్ని క్రిస్మస్ ట్రీ అంటారు. పూర్తి ట్రీలో మూడు పసుపు దీపాలు అర సెకను తేడాతో ఒకదాని తరవాత ఒకటి వెలుగుతాయి, ఆఖరిది వెలిగిన అర సెకనుకు పచ్చదీపం. ప్రో ట్రీలో మూడు పసుపు దీపాలూ ఒకేసారి, 0.4 సెకనుకు పచ్చ. మీరు పూర్తి ట్రీతో మొదలుపెట్టండి. పచ్చ వెలిగిన క్షణం నుంచి మీ ముందు చక్రం లైను వదిలేదాకా పట్టిన సమయం రియాక్షన్ టైము. లైను వదిలాక గీత చేరేదాకా పట్టినది ఈటీ. ఈ రెండూ వేర్వేరు గడియారాలు. గెలుపు ఓటములు తేల్చేది వాటి మొత్తం.

నా దగ్గర దాచుకున్న ఒక టైము స్లిప్పులో అంకెలు ఇలా ఉన్నాయి. నాది రియాక్షన్ 0.140, ఈటీ 15.52. పక్క లేనులో (ట్రాక్ రెండో సగంలో) ఉన్నవారిది రియాక్షన్ 0.395, ఈటీ 15.30. వారి బండి నాకన్నా 0.22 సెకను వేగమైనది. అయినా మొత్తం నాది 15.660, వారిది 15.695. గీత దగ్గర నా చక్రం ఒక బైకు పొడవు కూడా ముందు లేదు, కానీ ముందుంది. ఆ రోజు తక్కువ టైముకు పాయింట్లు ఇచ్చి ఉంటే ఓడినవారికే ఎక్కువ దక్కేవి. లైను దగ్గర కళ్లు, చెయ్యి, ఊపిరి ఒక్కటై చేసే పనికి అప్పుడు విలువే ఉండదు. ఇంజిన్‌కు డబ్బు పెట్టగలిగినవారే ప్రతి అంచెలోనూ పైన ఉంటారు, మూడో అంచెకల్లా మిగిలినవారు రావడం మానేస్తారు. ఇది నేను కళ్లారా చూశాను.

మీ నలభైమందిలో సగం మంది రోజూ ఆఫీసుకు వెళ్లే బండ్లతో వస్తారు కాబట్టి వారికోసం ఒక బ్రాకెట్ తరగతి తప్పక పెట్టండి. ఇందులో ఎవరి బండి ఎంత టైము చేస్తుందో వారే ముందుగా రాసి ఇస్తారు. నెమ్మది బండికి ఆ తేడా అంత ముందుగా పచ్చదీపం పడుతుంది. ఒకరు 17.20, మరొకరు 14.90 రాస్తే మొదటివారు 2.30 సెకన్లు ముందు బయలుదేరతారు. రాసినదానికన్నా వేగంగా వెళ్లడం తప్పు, దాన్ని బ్రేకౌట్ అంటారు. పైవారిలో మొదటి వ్యక్తి 0.085 రియాక్షన్‌తో 17.26 చేశారనుకుందాం. రెండోవారు 0.060 రియాక్షన్‌తో 14.88 చేసి గీత ముందు దాటినా 0.02 బ్రేకౌట్ అయినందున ఓడినట్టే. ఇద్దరూ బ్రేకౌట్ అయితే తక్కువ మేరకు అయినవారిది గెలుపు. నాలుగు లక్షల బండిని అరవై వేల బండి న్యాయంగా ఓడించగలిగే పోటీ ఇది. ఒక్క జాగ్రత్త: టైము మార్చి రాసుకోవడానికి ప్రతి రౌండుకు ముందు అవకాశం ఇవ్వండి. పొద్దున ఏడింటికి 17.10 చేసిన బండి మధ్యాహ్నం ఎండకు 17.30 చేయడం మామూలే. వేడిగాలి పలచన, ఉక్క తోడైతే ఇంజిన్‌కు అందే ఆక్సిజన్ ఇంకా తగ్గుతుంది. మే నెలలో మన ఊళ్ల గాలి ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు.

తప్పుల వరుస కూడా రాయండి. పచ్చ పడకముందే కదిలితే ఎర్రదీపం, ఆ రౌండు పోయినట్టే. మధ్యగీత దాటి పక్క లేనులోకి వెళ్లడం అంతకన్నా పెద్ద తప్పు, ఎదుటివారు ఎర్రదీపం వేసుకున్నా దాటినవారే ఓడినట్టు. ఒకరు లైను మీద సిద్ధమయ్యాక రెండోవారు ఎన్ని సెకన్లలో సిద్ధం కావాలో కూడా పెట్టండి. కావాలని ఆలస్యం చేసి ఎదుటివారి క్లచ్ వేడెక్కించేవారు ఉంటారు.

ఇప్పుడు పాయింట్లు. ఎన్‌హెచ్‌ఆర్‌ఏ ప్రొఫెషనల్ తరగతుల పద్ధతే నాకు అన్నిటికన్నా నచ్చింది. పదహారు బండ్లు నాలుగు రౌండ్లు ఆడతాయి. మొదటి రౌండులో ఓడితే 20, రెండో రౌండులో 40, సెమీఫైనల్‌లో 60, ఫైనల్‌లో 80, గెలిస్తే 100. మెట్టుకు 20 చొప్పున ఎవరైనా వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. క్వాలిఫైయింగ్, అంటే రౌండ్లకు ముందు జోడీలు తేల్చే పరుగుల, టైములకు విడిగా చిన్న పాయింట్లు: మొదటి స్థానానికి 8, తరవాత వరుసగా 7, 6, 5, ఐదు, ఆరు స్థానాలకు 4, ఏడు, ఎనిమిదికి 3, తొమ్మిది నుంచి పన్నెండు దాకా 2, మిగిలిన నలుగురికి 1. క్వాలిఫైయింగ్‌లో మొదట వచ్చినవారికి పదహారో స్థానంవారు, రెండోవారికి పదిహేనో స్థానంవారు ఎదురవుతారు కాబట్టి వేగానికి ప్రతిఫలం అక్కడే దక్కుతుంది. ఎంత వేగమైన బండికైనా ఆ 8 పాయింట్లు ఒక్క రౌండు గెలుపులో సగం కూడా కావు. మీ తరగతిలో ఎనిమిది బండ్లే ఉంటే 20, 40, 60, 80తో ఆపేయండి.

నేను పోగొట్టుకున్న ఏడాది సంగతి ఇక్కడే వస్తుంది. అది ఒక ప్రైవేటు సిరీస్, నాలుగు అంచెలు. పాయింట్లు పై రౌండ్ల పద్ధతే, కానీ క్వాలిఫైయింగ్ పాయింట్లు లేవు. నేను మొదటి అంచె గెలిచాను, రెండో అంచె సెమీస్‌లో ఓడాను, మూడో దాంట్లో ఫైనల్‌లో ఓడాను. అంటే 100, 60, 80. నా ప్రధాన పోటీదారుకు 80, 80, 60. ఆఖరి అంచెకు నేను 20 ఆధిక్యంతో వెళ్లాను.

మొదటి రౌండు. మధ్యాహ్నం రెండు దాటింది. చక్రం కింద తారు మెత్తబడి బూటు లాగుతోంది. బండి లైను మీదకు వచ్చిందని చెప్పే రెండు చిన్న దీపాలు వెలిగాయి, సిద్ధమయ్యాను. క్లచ్ మీద రెండు వేళ్లు. మూడో పసుపు చూడగానే వదలడం నా అలవాటు, ఏడాదంతా అలాగే వదిలాను. ఆ రోజు దాని వెలుగు కంట్లో పడకముందే వేళ్లు వదిలేశాయి. ఎర్రదీపం. స్లిప్పు మీద −0.011. పోటీదారు రెండో రౌండుదాకా వెళ్లి ఓడారు. నాకు 20, వారికి 40. మొత్తం ఇద్దరికీ 260.

నియమాల కాగితంలో సమానమైతే ఏమిటి అన్న మాట ఎక్కడా లేదు. నిర్వాహకులు బల్ల దగ్గర అరగంట మాట్లాడుకుని, ఆఖరి అంచెలో ఎవరి ఈటీ తక్కువో వారే ఛాంపియన్ అని ప్రకటించారు. అది నేను కాదు. ఏడాది పొడవునా టైముకు ఒక్క పాయింటు లేని సిరీస్‌ను చివరి సాయంత్రం టైముతో తేల్చారు. ఫార్ములా వన్‌లో అయితే సమానమైనప్పుడు ఎక్కువ గెలుపులు ఉన్నవారిదే పైచేయి. నాకొక అంచె గెలుపు ఉంది, వారికి ఒక్కటీ లేదు. ఆ మనిషి మీద నాకు కోపం లేదు, చాలా మంచి రైడర్. ముందే రాసి ఉంటే ఏ నియమమైనా తల వంచి ఒప్పుకునేవాడిని.

‘ఒక చెడ్డ అంచె తీసేసి మిగిలిన మూడే లెక్కిద్దాం’ అని మీలో ఎవరైనా అంటారు. మన ప్రాంతంలో పెళ్లిళ్లు, కోతలు, రొయ్యల చెరువుల పనులు ఉంటాయి కాబట్టి అది సబబైన కోరికే. అయితే దాని బలం తెలుసుకుని ఒప్పుకోండి. నా సిరీస్‌లో ఆ నియమం ఉంటే నాకు 240, వారికి 220. 1988 ఫార్ములా వన్‌లో పదహారు రేసుల్లో ఉత్తమమైన పదకొండే లెక్క. డ్రైవర్లు ప్రోస్ట్, సెన్నాల మధ్య పోటీ. మొత్తం పాయింట్లు ప్రోస్ట్‌కు 105, సెన్నాకు 94. లెక్కలోకి వచ్చినవి ప్రోస్ట్‌కు 87, సెన్నాకు 90. ఛాంపియన్ సెన్నా. పరుగులు అవే, పట్టిక మారితే పేరు మారింది. నాలుగే అంచెలున్న మీ సిరీస్‌కు నా సలహా, ఏదీ తీసేయవద్దు. నాలుగింటిలో ఒకటి తీయడమంటే పావు వంతు తీసేయడం. రాలేనివారి ఇబ్బంది తీర్చాలంటే తేదీలు సంక్రాంతికి, కోతలకు అడ్డం రాకుండా పెట్టుకోండి.

వాన గురించి కూడా రాయండి. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పడితే చెన్నై వైపూ వానే. రౌండు మధ్యలో ఆగితే ఎన్‌హెచ్‌ఆర్‌ఏలో మిగిలిన రౌండ్లను తరవాతి పోటీలో అక్కడినుంచే పూర్తి చేసిన సందర్భాలు చాలా ఉన్నాయి. మీరూ అదే పెట్టుకోండి. ఆఖరి అంచె ఆగితే మాత్రం అందరూ ఆడి ముగించిన రౌండు దాకానే పాయింట్లు.

సమానం వచ్చినప్పటి నియమం నేను స్టార్ట్ లైను దగ్గర పనిచేసిన మూడేళ్లూ ఈ మాటల్లోనే రాసి తనిఖీ బల్లకు అంటించాను. మీరు యథాతథంగా వాడుకోవచ్చు: “సిరీస్ చివర ఇద్దరికి సమాన పాయింట్లు వస్తే, ఎక్కువ అంచెలు గెలిచినవారు ముందు. అదీ సమానమైతే ఎక్కువసార్లు ఫైనల్ చేరినవారు ముందు. అదీ సమానమైతే ఆ ఇద్దరూ సిరీస్‌లో ముఖాముఖి తలపడిన రౌండ్లలో ఎక్కువ గెలిచినవారు ముందు. అక్కడా తేలకపోతే అదే రోజు, అదే ట్రాక్ మీద, ఏ లేను ఎవరిదో చీటీ వేసి తేల్చి, ఇద్దరూ మరొక్కసారి పరుగెత్తాలి.”