రేకుల చిట్టా ఎవరి చేతిలో ఉండాలి?

మీరు అడిగింది ఇది: "మా చర్చి సంఘం విదేశంలో ఒకే ప్రాంతానికి మిషన్ (సువార్త పని) విభాగాన్నీ, విపత్తు సహాయ విభాగాన్నీ పంపుతోంది. ఈ రెండూ కలిసి పనిచేయగలవా, లేక ఒకరికొకరు అడ్డం పడతారా?"

అడ్డం పడతారు. అయినా కలిసే పనిచేయాలి. నేను సహాయ విభాగంలో స్టోరు చూసుకున్నవాణ్ణి. వేదాంతం పెద్దగా తెలియదు, ఇంటి పైకప్పు రేకులు లెక్కపెట్టడం మాత్రం తెలుసు. ఆ లెక్కతోనే చెబుతాను.

2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో భూకంపం వచ్చింది. శనివారం, మధ్యాహ్నం పన్నెండు కావడానికి నాలుగు నిమిషాల ముందు. అక్కడ వారపు సెలవు శనివారమే కాబట్టి సంఘాలు ఆ రోజే ఆరాధనకు కూడుకుంటాయి. తీవ్రత 7.8. సరిగ్గా జనం చర్చిలో కూర్చున్న వేళ. కొండ ఊళ్లలో మట్టి పెట్టి పేర్చిన రాతి గోడలు లోపలున్నవాళ్ల మీదే కూలాయి. బడికి సెలవు కాబట్టి పిల్లలు బతికిపోయారని ఊళ్లో అందరూ చెప్పుకునేవారు. ఆ మాట వచ్చినప్పుడల్లా సంఘస్తులు తల దించుకునేవారు.

నేను జూన్ మొదట్లో ధాదింగ్ జిల్లాకు చేరాను. వర్షాలు రేపో మాపో అన్నట్టున్నాయి. గుడ్డ పట్టాల కింద జనం. మా దగ్గర 123 కట్టల జింకు రేకులు. మా మిషన్ విభాగం చాలా ఏళ్లుగా ఆ ప్రాంతంలో సంఘ కాపరులకు, అంటే పాస్టర్లకు, శిక్షణ ఇస్తోంది. ఆ ఊరి కాపరి తమాంగ్ అనే అక్కడి కొండజాతి మనిషి. ప్రతి గడపా ఆయనకు తెలుసు: ఎవరి కొడుకు ఖతార్‌లో ఉన్నాడు, ఎవరి కోడలు నిండు నెలల మీద ఉంది, ఏ ముసలమ్మకు నా అనేవాళ్లు లేరు. కొండచరియ పడి దారి తెగిపోతే కంచరగాడిదల వాళ్లను ఒప్పించింది కూడా ఆయనే. ఆయన లేకపోతే మా రేకులు రోడ్డు పక్కనే తుప్పు పట్టేవి. మిషన్ వాళ్లు దండగ అనే సహాయ విభాగం మేధావులకు ఈ సంగతి చెబుతూనే ఉంటాను, వినరు.

అయితే ఆయన ఇచ్చిన చిట్టాలో ఉన్నవి 41 ఇళ్లు. అందుకే ఇంటికి మూడు కట్టల చొప్పున తెచ్చాం. తీరా అక్కడికి వెళ్లాక గ్రామ వికాస సమితి (మన పంచాయతీ లాంటిది) కార్యదర్శి తన చిట్టా తీశాడు. అదే వార్డులో 117 ఇళ్లు.

కాపరి మోసగాడు కాడు. "బాధితుల పేర్లు రాసి పంపండి" అని ఆయన్ను అడిగింది మా మిషన్ సమన్వయకర్త. కాపరిని లెక్క అడిగితే తన మందనే లెక్కపెడతాడు. తప్పు అడిగినవాడిది.

టార్పాలిన్ కింద రెండు గంటలు వాదన జరిగింది. విశ్వాస గృహానికి చెందినవారికి, అంటే తోటి క్రైస్తవులకు, విశేషంగా మేలు చేయమని బైబిల్లో గలతీ పత్రికలో ఉందన్నాడు సమన్వయకర్త. అదే వాక్యంలో దానికన్నా ముందు "అందరియెడల" అనే మాట ఉందన్నాడు మా సహాయ బృందం నాయకుడు. పైగా సహాయం అందించేటప్పుడు మతం చూడకూడదనే నియమావళి రెడ్ క్రాస్ ఉద్యమం, మరికొన్ని సంస్థలు కలిసి 1994లోనే రాసుకున్నాయి, దాని మీద మా సంస్థ కూడా సంతకం పెట్టింది. బయట కంచరగాడిదలకు రోజువారీ కిరాయి పెరుగుతోంది. ఆ సంగతి ఇద్దరికీ పట్టలేదు.

చివరికి ఇంటికి ఒక్క కట్ట. కార్యదర్శి పేర్లు అందరి ఎదుట గట్టిగా చదివాడు. నేను పుస్తకంలో వేలిముద్రలు తీసుకున్నాను. కాపరి ఏ ఇల్లు ఎవరిదో చూపించాడు, తర్జుమా చేశాడు, కలం మాత్రం ముట్టుకోలేదు. ఆరు కట్టలు మిగిలితే బడి షెడ్డుకు ఇచ్చాం. ఒక్క కట్టతో ఇల్లు కాదు. నలుగురు తడవకుండా పడుకునే చోటు అవుతుంది, అంతే. మూడు వస్తాయనుకున్న సంఘస్తులు కొందరు ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. వాళ్ల కోపంలో అన్యాయం ఏమీ లేదు.

వరసలో ఒక ముసలావిడ బొటనవేలు సిరాలో ముంచి, పుస్తకం మీద పెట్టకుండా ఆగిపోయింది. కాపరిని ఏదో అడిగింది. ఆయన ఏదో అన్నాడు. ఆవిడ పకపకా నవ్వి, ముద్ర వేసి, మనవడి నెత్తిన కట్ట ఒక కొస పెట్టించి వెళ్లిపోయింది. ఏమడిగిందని తర్వాత కాపరిని అడిగాను. "ఇది తీసుకుంటే శనివారం మీ చర్చికి రావాలా అంది. ఆమా, వస్తే మాత్రం ఎక్కడ కూర్చుంటావు, మా దానికీ కప్పు లేదు కదా అన్నాను" అన్నాడు.

ఇక ఫోటోల గోల. దాతలకు చూపించాలని బ్యానరు పట్టుకుని నిలబడమంటారు. నేపాల్‌లో మతం మార్పించడం చట్టరీత్యా నిషిద్ధం. అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన కొత్త రాజ్యాంగం 26వ అధికరణంలోనూ ఆ మాట ఉంది. రేకుల పక్కన సిలువ బొమ్మ బ్యానరు కనబడితే మేము విమానం ఎక్కి వచ్చేస్తాం, తర్వాత జవాబు చెప్పుకోవలసింది ఆ కాపరి. 

ఈ చిక్కు కొత్తదేమీ కాదు. మన ఒంగోలు చరిత్రే చూడండి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి పని చూపించాడు. తిండి కోసం చేరుతున్నారన్న మాట రాకూడదని కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి గుండ్లకమ్మలో బాప్తిస్మం జరిగిందని ప్రతి ప్రసంగంలోనూ చెబుతారు. అంతకుముందు ఏడాదికి పైగా ఆపిన సంగతి ఎందరు చెబుతారు? నాకు ఆ సంఖ్య కన్నా ఆ ఆగడమే గొప్పగా కనిపిస్తుంది. ఆయన రెండు పనులూ ఒక్కడే చేశాడు. మనకు రెండు విభాగాలు, రెండు కార్యాలయాలు, రెండు బడ్జెట్లు ఉండి కూడా చేతకావడం లేదు.

డబ్బు విషయంలో నాకు పౌలే ఆదర్శం. యెరూషలేము బీదల కోసం చందా పోగుచేసి, ఎవరూ వేలెత్తి చూపకూడదని తీతుతో పాటు సంఘాలు ఎంచిన మనిషిని కూడా వెంట పంపాడు. రెండో కొరింథీ పత్రిక ఎనిమిదో అధ్యాయం. అంటే పౌలు కూడా చిట్టా తన ఒక్కడి చేతిలో ఉంచుకోలేదు.

మీ సంఘం విషయంలో నా సలహా అడిగితే, ముందు ఆ రెండు విభాగాల నివేదిక ఫారం తెప్పించుకుని చూడండి. మా ఫారంలో పంచిన కట్టలు, కుటుంబాలు అనే గడుల పక్కనే "రక్షణ పొందిన ఆత్మలు" అని ఒక గడి ఉండేది. నేను అడ్డగీత పెట్టి పంపాను. పొరపాటున వదిలేశారా అని ప్రధాన కార్యాలయం నుంచి ఫోను వచ్చింది. లేదండీ, రేకులు మాత్రమే పంచామన్నాను. తర్వాతి నెల ఫారంలోనూ ఆ గడి ఉంది.