నగదు అక్కడ, అరువు ఇక్కడ

మీ ప్రశ్నలు – మా జవాబులు

ఈసారి పెద్ద డిస్కౌంట్ స్టోర్ల మీద వచ్చిన ఉత్తరాలే ఎక్కువ. అందుకని అత్తాకోడళ్ల తగాదాలూ అద్దె అడ్వాన్సుల గొడవలూ వచ్చే సంచికకు వాయిదా వేశాం.

ప్రశ్న: మాది ఖమ్మం. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, ఆయన ఎలక్ట్రీషియన్. పెళ్లయినప్పటి నుంచీ మా వీధి చివర శెట్టిగారి కొట్లోనే సరుకులు తెచ్చుకునేవాళ్లం, ఖాతా పుస్తకం కూడా ఉంది. ఈ మధ్య బైపాస్ దగ్గర పెద్ద డిస్కౌంట్ స్టోరు వచ్చాక నెల మొదటి ఆదివారం అక్కడికెళ్లి నూనె, పప్పులు, సబ్బులు అన్నీ ఒకేసారి తెచ్చేసుకుంటున్నాం, ఆరేడు వందలు మిగులుతున్నాయి. డిగ్రీ చదివే మా అబ్బాయి విద్యార్థి సంఘంలో తిరుగుతాడు. "నువ్వు కొనే ప్రతి ప్యాకెట్టూ ఒక కోటీశ్వరుడి జేబులోకి పోతుందమ్మా, రేపు ఈ కొట్టు మూతపడితే ఆ పాపం మనదే" అంటాడు. సంచులతో కొట్టు ముందు నుంచి రావాలంటే మొహం చెల్లక ఆటోను వెనక సందులోంచి తిప్పిస్తున్నాను. నేను చేసేది తప్పా?

జవాబు: ఆటోను ముందు వీధిలోంచే రానివ్వండి, వెనక సందుకు ఎక్స్‌ట్రా ఎందుకు. మీ ఇద్దరి సంపాదన మీద ఇల్లు నడుపుతూ నెలకు ఆరేడు వందలు మిగుల్చుకోవడం తప్పయితే ఈ దేశంలో తప్పు చెయ్యని ఇల్లాలు ఉండదు.

మీ అబ్బాయి చెప్పేదాన్ని మాత్రం కొట్టిపారెయ్యకండి. డీమార్ట్‌నే తీసుకోండి. రాధాకిషన్ దమానీ 2002లో ముంబై పొవయిలో మొదటి స్టోరు పెట్టారు, 2017 మార్చిలో 299 రూపాయలకు జనానికి అమ్మిన షేరు లిస్టయిన రోజే రెట్టింపు దాటింది, ఇప్పుడాయన దేశంలో అందరికన్నా డబ్బున్నవాళ్ల జాబితాలో ఉంటారు. అంటే డబ్బు పైకి పోతుందన్నది నిజమే. కానీ అక్కడ చవగ్గా ఎందుకు వస్తుందో కూడా చూడాలి. స్టోర్లు చాలావరకు సొంత స్థలాల్లోనే కడతారు, అద్దె బాధ లేదు. సరుకు పంపిన కంపెనీలకు మిగతావాళ్లకంటే త్వరగా డబ్బు కట్టేస్తారు, దానికి బదులుగా రేటు తగ్గించుకుంటారు. హంగూ ఆర్భాటం పెద్దగా ఉండదు. ఇందులో మోసం ఏమీ లేదు. చేతిలో ముందే డబ్బున్నవాడు చవగ్గా కొని చవగ్గా అమ్మగలడు, లేనివాడు చెయ్యలేడు, అంతే. వ్యవస్థను తిట్టదలుచుకుంటే మీవాడు తిట్టాల్సింది ఇక్కడ, మీ సంచిని కాదు.

ఇంకో సంగతి, ఆ డిస్కౌంటు కూడా అందరికీ దొరకదు. ఐదు లీటర్ల నూనె డబ్బా ఒకేసారి కొనగలిగితేనే లీటరు మీద పది పదిహేను మిగులుతాయి, బండి గానీ ఆటో కిరాయి గానీ ఉంటేనే బైపాస్ దాకా వెళ్లగలం. మీ వీధిలోనే తాపీ పనికి వెళ్లే మనిషి సాయంత్రం కూలి చేతికొచ్చాక పావు కిలో కందిపప్పు, ఇరవై రూపాయల నూనె, ఒక షాంపూ పొట్లం కొంటాడు. ఆయనకు ఇవి శెట్టిగారి కొట్లో తప్ప దొరకవు, అదీ ఎమ్మార్పీకే. లేనివాడికే సరుకు ఖరీదు. ఆ కొట్టు మూతపడితే మీకు పోయేది పెద్దగా ఏమీ లేదు, ఇబ్బంది పడేది ఆయన.

అలాగని శెట్టిగారిని దేవుణ్ణి చెయ్యక్కర్లేదు. అక్కడ దొరికే పేస్టూ సబ్బూ కూడా అవే పెద్ద కంపెనీలవి. అరువు తీసుకునేవాళ్లకు రూపాయో రెండో ఎక్కువ వేసే కొట్లున్నాయి, తూకంలో వేలు పెట్టేవాళ్లూ ఉన్నారు. పొద్దున ఆరింటికొచ్చి రాత్రి పదింటి దాకా పొట్లాలు కట్టే కుర్రాడికి పీఎఫ్ ఉందా అని ఏ కొట్లోనైనా అడిగి చూడండి, మీ వైపు వింతగా చూస్తారు. చిన్న కొట్టయినంత మాత్రాన అక్కడ దోపిడీ లేదని నేను అనను.

ఇక నేను మిమ్మల్ని అడగాల్సింది ఒకటుంది. ఖాతా పుస్తకం ఉంది అన్నారు. అందులో ఇప్పుడు ఏం రాస్తున్నారు? నాకు తెలిసిన చాలా ఇళ్లలో ఇలా జరుగుతోంది: ఒకటో తారీఖున జీతం పడగానే నగదంతా బైపాస్‌కి, ఇరవయ్యో తారీఖు దాటాక గుడ్లు, పెరుగు ప్యాకెట్టు, చుట్టాలొస్తే కిలో గోధుమపిండి, ఇవన్నీ "రాసుకోండి శెట్టిగారూ" అని ఇక్కడ. ఆ అరువుకు ఆయన వడ్డీ వెయ్యడు, కానీ సరుకు వేసిన డిస్ట్రిబ్యూటర్‌కి వారానికో పది రోజులకో కట్టి తీరాలి. ఇన్నేళ్లూ ఆ బరువు ఎలా మోశాడంటే బియ్యం బస్తా, నూనె డబ్బా కూడా మీరు ఆయన దగ్గరే కొన్నారు కాబట్టి. కంపెనీ సరుకు మీద ఆయనకు మిగిలేది వందకు పది రూపాయల అటూ ఇటూ, అది పది రకాల మీద కలిస్తేనే ఆ అరువుకు సరిపోయేది. ఇప్పుడు మిగులు ఉన్న సరుకంతా అక్కడికి పోయి, మిగులు లేని సాయం మాత్రం ఆయన నెత్తిన ఉంది. ఇందులో తప్పుంది, ఇది మీ చేతిలో ఉన్న తప్పు కూడా.

కాబట్టి జీతం రాగానే ముందు ఖాతా చెల్లెయ్యండి, తర్వాత బైపాస్ ఆటో ఎక్కండి. ఇంకా మంచి పని చెప్పమంటే, ఈ నెల లిస్టు రాసి శెట్టిగారికి ఇచ్చి "నగదు ఇస్తాను, ఎంతకిస్తారు" అని అడగండి. నెల లిస్టుకు ఎమ్మార్పీ మీద ఎంతో కొంత తగ్గించే కొట్లు చాలా ఉన్నాయి, మనం మొహమాటానికి అడగం గానీ. ఇంటికి తెచ్చి దింపుతాడు, ఆటో ఖర్చు కలుపుకుంటే ఆ ఆరేడు వందల్లో తేడా ఎంతో అప్పుడు మీకే తేలుతుంది. తేడా ఇంకా పెద్దదైతే నిక్షేపంగా స్టోరుకే వెళ్లండి.

ప్రశ్న: నేను విజయవాడలో ఒక పెద్ద స్టోర్‌లో బిల్లింగ్ కౌంటర్‌లో చేస్తాను. పేరు వెయ్యకండి. వాట్సాప్ గ్రూపుల్లో "ఈ స్టోర్లను బహిష్కరించండి" అని మెసేజ్‌లు వస్తుంటే నాకు టెన్షన్‌గా ఉంది, అందరూ మానేస్తే నా ఉద్యోగం ఏమవుతుంది? అలాగని ఇక్కడ బాగుందనీ కాదు. షిఫ్ట్ అంతా నిలబడే ఉండాలి, కూర్చుంటే సూపర్‌వైజర్ ఊరుకోడు, ఇంటికొచ్చేసరికి కాళ్లు దిమ్మల్లా అవుతాయి. నన్ను పెట్టుకుంది స్టోరు కాదు, ఏజెన్సీ.

జవాబు: మీ మెసేజ్ చదివాక ఆ బహిష్కరణ పోస్టులు పంపేవాళ్లను ఒకటి అడగాలనిపించింది: లోపల పనిచేసేవాళ్లను ఎవరినైనా అడిగే రాశారా? పనివాళ్లే పిలుపిస్తే బయటివాళ్లు కొనడం మానడం న్యాయం. వాళ్లకు చెప్పకుండా మానేస్తే ముందు పోయేది మీ షిఫ్టే.

మీ కాళ్ల సంగతికొస్తే, ఇది చిన్న విషయం కాదు, దీని మీద ఒక రాష్ట్రంలో చట్టమే మారింది. కోజికోడ్‌లో మిఠాయి తెరువు అని పెద్ద బజారుంది, బట్టల షాపులూ హల్వా షాపులూ. అక్కడ సేల్స్‌లో చేసే ఆడవాళ్లు పొద్దస్తమానం నిలబడే ఉండాల్సి వచ్చేది, కస్టమర్ లేకపోయినా కూర్చోకూడదు, బాత్రూం లేని షాపులైతే నీళ్లు తాగడమే మానుకునేవాళ్లు. విజి అనే దర్జీ పనిచేసే ఆమె ముందుండి పెణ్‌కూట్టు అని ఒక బృందం కట్టారు, ఏళ్ల తరబడి పోరాడారు. పేరున్న కార్మిక సంఘాలు కూడా మొదట్లో వీళ్లను పెద్దగా పట్టించుకోలేదు. చివరికి 2018లో కేరళ ప్రభుత్వం షాపుల చట్టాన్ని సవరించి, పనివాళ్లకు కూర్చునే సౌకర్యం ఇవ్వాలని పెట్టింది. 2021లో తమిళనాడు కూడా అదే దారి పట్టింది. అక్కడ గెలిచింది కస్టమర్ల జాలి కాదు, ఆ ఆడవాళ్లు పోగైన తీరు.

ఏజెన్సీ అన్నారు కాబట్టి రెండు విషయాలు. మీ జీతంలో పీఎఫ్ కోస్తుంటే మీకొక యూఏఎన్ అనే పీఎఫ్ ఖాతా నంబరు ఉంటుంది, దాంతో పాస్‌బుక్ మీ ఫోన్‌లోనే చూడొచ్చు. కోసిన డబ్బు నెల నెలా జమవుతోందో లేదో చూడండి, కోసి జమ చెయ్యని ఏజెన్సీలు ఉన్నాయి. నెలకు 21,000 లోపు జీతమైతే ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) కూడా వర్తిస్తుంది, కార్డు ఇప్పించమనండి. ఏజెన్సీ జీతం ఎగ్గొడితే కట్టాల్సిన బాధ్యత చివరికి పని చేయించుకున్న స్టోరు మీదే పడుతుంది. "మాకేం సంబంధం లేదు" అంటే నమ్మకండి.

ఈ జవాబు చదివే కొనుగోలుదార్లకు: కౌంటర్ దగ్గర లైను కదలకపోతే కేక వెయ్యాల్సింది బిల్లు కొట్టే అమ్మాయి మీద కాదు, పది కౌంటర్లలో మూడే తెరిచినవాళ్ల మీద. ఫీడ్‌బ్యాక్ ఫారం ఇస్తే అందులో "వీళ్లకు కుర్చీలు వెయ్యండి" అని రాయండి. వంద మంది రాస్తే ఆ కాగితాలు పైదాకా వెళ్లే అవకాశం ఉంది.

ప్రశ్న: డల్లాస్‌లో ఎంఎస్ చేస్తున్నాను. వాల్‌మార్ట్ తప్ప నా బడ్జెట్‌కి గతి లేదు. కానీ మా క్లాస్‌మేట్స్ అక్కడ కొనడం అనైతికం అంటారు. వాళ్లు వెళ్లే ఆర్గానిక్ స్టోర్‌లో వంకాయలు చూస్తే నాకు కళ్లు తిరుగుతాయి.

జవాబు: వాల్‌మార్ట్‌లోనే కొనుక్కోండి, ఫీజులకు ఉంచుకోండి. పెట్టుబడిదారీ వ్యవస్థలో ఏ షాపులో కొన్నా ఎవరో ఒకరి చెమట తక్కువ ధరకే మన సంచిలో పడుతుంది. ఖరీదైన వంకాయ కొన్నంత మాత్రాన దాన్ని కోసిన కూలీకి ఎక్కువ ముట్టిందనడానికి ఆధారమేమీ లేదు.

కాకపోతే అక్కడి చవకకు ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారో తెలిసి ఉండటం మంచిది. అమెరికా పార్లమెంటుకు లెక్కలు చూసిపెట్టే జీఏఓ 2020లో ఒక నివేదిక ఇచ్చింది, పేదలకు తిండికి ప్రభుత్వం ఇచ్చే ఫుడ్ స్టాంపులు, వైద్యానికి ఇచ్చే మెడికెయిడ్ మీద ఆధారపడే ఉద్యోగులు ఎక్కడెక్కడ పనిచేస్తున్నారో కొన్ని రాష్ట్రాల్లో చూస్తే ముందు వరసలో వాల్‌మార్ట్ ఉంది. జీతం తక్కువిస్తే మిగతాది పన్నులు కట్టే జనం పూడుస్తున్నారన్నమాట.

మీకు రెండు గంటల దూరంలోనే జాక్సన్‌విల్ అని ఊరుంది. 2000లో అక్కడి వాల్‌మార్ట్ మాంసం విభాగంలో పనిచేసేవాళ్లలో ఏడుగురు యూనియన్ కావాలని, ముగ్గురు వద్దని ఓటేశారు. రెండు వారాలు తిరక్కుండానే కంపెనీ చాలా స్టోర్లలో మాంసం కోయడం ఆపేసి ప్యాక్ చేసిన మాంసమే అమ్ముతామని ప్రకటించింది, అది ముందే అనుకున్నదని చెప్పింది. కెనడాలో జాంకియేర్ స్టోరు వాళ్లు 2004లో యూనియన్ పెట్టుకుంటే 2005లో స్టోరే మూసేశారు, అది చట్టవిరుద్ధంగా జరిగిందని ఆ దేశ సుప్రీంకోర్టు తేల్చేసరికి 2014 వచ్చింది. మీరూ మీ క్లాస్‌మేట్సూ కొనడం మానేస్తే వాల్‌మార్ట్‌కి తెలియను కూడా తెలియదు. ఏడుగురు మాంసం కోసేవాళ్లు చేతులెత్తితే మాత్రం వెంటనే తెలిసింది.

ప్రశ్న: మాది నంద్యాల, కిరాణా అంగడి. మేం డిస్ట్రిబ్యూటర్ దగ్గర కొనే రేటు కంటే పెద్ద స్టోరులో అమ్మే రేటే తక్కువుంటాంది సార్. అరువు ఆపితే ఉన్నోళ్లూ పోతారు, ఆపకపోతే మేం పోతాం. ఏం చేయమంటారు?

జవాబు: మీరు చెప్పేది అబద్ధం కాదు, కొందరు కొట్లవాళ్లే పెద్ద స్టోరుకెళ్లి సరుకు తెచ్చుకోవడం, స్టోరువాళ్లు ఒక్కో బిల్లుకు ఇన్నే అని హద్దు పెట్టడం అందరూ చూస్తున్నదే. దీని మీదే 2022 జనవరిలో డిస్ట్రిబ్యూటర్ల సమాఖ్య మహారాష్ట్రలో కోల్గేట్ ఉత్పత్తులు కొన్ని పంపిణీ చెయ్యకుండా ఆపింది, మాకొక రేటూ హోల్‌సేల్ గొలుసులకొక రేటూ ఏమిటని. మీ సంఘం కూడా కంపెనీలను అడగాల్సిన ప్రశ్న అదే, కస్టమర్ల విశ్వాసం గురించి కాదు. 2012 సెప్టెంబరులో రిటైల్ స్టోర్లలో విదేశీ కంపెనీలకు 51 శాతం దాకా వాటా అనుమతిస్తే దేశమంతా వ్యాపారులు బందులు చేశారు, స్వదేశీ గొలుసు స్టోర్లు ఊరూరా వస్తుంటే మాత్రం అంత గట్టిగా ఎవరూ అడగలేదు.

భయపడి అంగడి అమ్ముకోకండి. 1997లో చెన్నైలో మొదలై దేశమంతా పదహారు వందల దాకా స్టోర్లు పెట్టిన సుభిక్ష 2009కల్లా మూతపడింది, పనివాళ్లకు జీతాలు కూడా అందలేదు. పెద్దవాళ్లూ మునుగుతారు.

అరువు ఆపొద్దు, హద్దు పెట్టండి. నెల సరుకు మీ దగ్గర కొనేవాళ్లకే ఖాతా, అదీ ఫలానా మొత్తం దాకా అని కార్డు మీద రాసివ్వండి. నలుగురైదుగురు అంగళ్ల వాళ్లు కలిసి నూనె, పప్పు మిల్లు నుంచి నేరుగా తెప్పించుకుంటే రేటు కొంచెం దిగుతుంది. ఇంకొకటి, అంగట్లో మీకు సాయం చేసే పిల్లగాడి గురించి మీ ఉత్తరంలో ఏమీ రాయలేదు. వాడికి వారానికో రోజు సెలవిస్తున్నారో లేదో ఈసారి రాయండి.